యుద్ధంలో చనిపోయిన పైలట్ ఉత్తరాలు, ఫొటోలు: ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600 స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది

రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిరాని పైలట్ కాగితాల కట్ట విప్పితే రకరకాలవి బయటపడతాయి. ఉల్లిపొర లాంటి ఎయిర్‌మెయిల్ కాగితం మీద రెండు వైపులా రాసిన ఉత్తరాలు, అరచేతిలో పట్టే ఎయిర్‌గ్రాఫ్‌లు (ఉత్తరాన్ని ఫిల్ము మీదకి ఎక్కించి చిన్నగా ప్రింటు తీసినవి), ఉత్తరాలు తనిఖీ చేసే సెన్సర్ అధికారి ముద్ర పడ్డ కవర్లు, ఒక టెలిగ్రాం, అంచులు రంపపు పళ్లలా కత్తిరించిన చిన్న చిన్న ఫొటోలు, యూనిఫాంలో స్టూడియోలో తీయించుకున్న పెద్ద ఫొటో ఒకటి, అదృష్టం ఉంటే చుట్టలు చుట్టుకుపోయిన నెగటివ్‌లు. వీటన్నిటినీ ఒకే యంత్రంతో కాపీ చెయ్యాలంటే ఎక్కువమంది చెప్పే పేరు ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600. 2009లో వచ్చిన ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఇది, అంటే కాగితాన్ని గాజు మీద బోర్లించి మూత వేసి తీసే రకం. ఆఫీసు కాగితాలకి ఎలా ఉంటుంది, రంగుల స్లైడ్లకి ఎలా ఉంటుంది అన్నవి ఇక్కడ అనవసరం. ఇలాంటి కట్టకి ఎలా ఉంటుందన్నదే ఈ సమీక్ష.

ముందే చెప్పేస్తే, యంత్రం ఈ పనికి బాగా సరిపోతుంది. దాని సాఫ్ట్‌వేర్‌లో మొదట ఉండే సెట్టింగులు మాత్రం చేటు చేస్తాయి. ఫొటో అందంగా కనబడాలని అవి తుడిచేసేవాటిలో ఆ పైలట్ గురించి మిగిలిన ఆధారాలు కూడా ఉంటాయి. ఇలాంటి కాగితాలని పదేపదే గాజు మీద పెట్టకూడదు. ఒక్కసారి తీస్తే ఇక అసలు కాగితాన్ని ముట్టుకునే అవసరం రాకూడదు. అందుకే మొదటి స్కానే సరిగ్గా రావాలి.

వీ600కి ఈ పనిలో పేరు తెచ్చింది డబ్బా మీద రాసి ఉండే 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) కాదు, లోపల బొమ్మని పట్టే సీసీడీ అనే రకం సెన్సర్, దాని లెన్సు. పలచగా ఉండి యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకునే స్కానర్లలో సాధారణంగా సీఐఎస్ అనే ఇంకో రకం సెన్సర్ ఉంటుంది. గాజుకి ఆనుకుని ఉన్నదే దానికి స్పష్టంగా కనబడుతుంది. కాగితం కొంచెం లేచినా ఆ చోట మసక. ఎనభై ఏళ్లు నాలుగు మడతల్లో ఉన్న ఉత్తరం ఎంత సర్దినా పూర్తిగా చదును కాదు. మసకబారేది సరిగ్గా మడత మీదున్న వరుసే, ముందే అరిగిపోయి ఉన్న వరుస. సీసీడీ కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుని ఓర్చుకుంటుంది. అందువల్ల ఉత్తరాన్ని అదిమిపెట్టక్కర్లేదు. మూత బరువు చాలు.

టెలిగ్రాం దగ్గర ఈ గుణం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. బ్రిటిష్ టెలిగ్రాంలలో టెలిప్రింటర్ పట్టీని ముక్కలు చేసి ఫారం మీద అంటించేవారు. జిగురు ఎండిపోయి ఆ పట్టీల కొసలు లేచి ఉంటాయి. ఫారాన్ని గాజు మీద పెట్టాక వంకర కనబడిందని జరపొద్దు, కొస తట్టుకుని పట్టీ ఊడుతుంది. పైకెత్తి మళ్లీ పెట్టాలి, లేదా వంకరని తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవాలి.

గాజు మీద పెట్టే ముందు చూసుకోవలసినవి కొన్ని. కట్ట ఎలా ఉందో విప్పకముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి, ఏ ఫొటో ఏ ఉత్తరంలో ఉండేదో తర్వాత గుర్తుండదు. గుండుసూదులు, తుప్పు పట్టిన క్లిప్పులు తీసెయ్యాలి, అవి కాగితాన్నే కాదు గాజునీ గీస్తాయి. గాజు తుడిచే ద్రవం గుడ్డ మీద చల్లుకోవాలి. గాజు మీదే చల్లితే అంచు సందులోంచి లోపలికి దిగుతుంది. తుడిచాక పూర్తిగా ఆరేదాకా ఆగాలి. యుద్ధకాలపు ఉత్తరాల్లో చాలా వాటిని కాపీయింగ్ పెన్సిల్‌తో రాశారు. చూడ్డానికి మామూలు పెన్సిల్ రాతలా బూడిద రంగులో ఉంటుంది కానీ అందులో అనిలీన్ రంగు కలిసి ఉంటుంది, తడి తగిలితే ఊదాగా పాకిపోతుంది. మడతలు పోవాలని ఆవిరి పట్టడం, ఇస్త్రీ చెయ్యడం ఈ ఉత్తరాలకి ప్రాణాంతకం. పొడి బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి పైన బరువు ఉంచి కొన్నాళ్లు వదిలెయ్యడమే దారి.

ఎయిర్‌మెయిల్ కాగితం విషయంలో వీ600 మూత లోపలి తెల్ల మ్యాట్ అడ్డొస్తుంది. పలచటి కాగితం మీద పడ్డ వెలుతురు దాన్ని దాటి వెళ్లి తెల్ల మ్యాట్‌కి తగిలి తిరిగొస్తుంది, వస్తూ వెనకవైపు రాతని కూడా మోసుకొస్తుంది. రెండు వైపుల వాక్యాలు ఒకదానిమీదొకటి పడి చదవడం కష్టమవుతుంది. ఉత్తరం వెనక ఒక నల్ల కాగితం పెడితే దీనికి చాలావరకు విరుగుడు. పుట మొత్తం కాస్త ముదురుగా వస్తుంది, దాన్ని తర్వాత తేలిక చెయ్యొచ్చు. సెన్సర్ అధికారి బ్లేడుతో కోసేసిన కిటికీలున్న ఉత్తరాలకైతే నల్ల కాగితం తప్పనిసరి. తెల్ల మ్యాట్ మీద ఆ రంధ్రం ఖాళీ వదిలిన చోటులా కనబడి, అక్కడ కోత ఉందనే తెలియదు. నల్ల కాగితానికి రంగు వదిలే గుణం ఉండకూడదు. మామూలు చార్ట్ పేపరుని వేలితో రుద్ది చూస్తే తెలిసిపోతుంది.

ఉత్తరాలని 24 బిట్ రంగులో, 400 డీపీఐ దగ్గర తియ్యాలి. ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల పుట టిఫ్ ఫైలుగా సుమారు 38 ఎంబీ అవుతుంది. నల్ల సిరా ఉత్తరానికి రంగెందుకని గ్రేస్కేల్‌లో తీసేవాళ్లున్నారు. అది పెద్ద పొరపాటు. సెన్సర్ అధికారి నీలం పెన్సిల్‌తో ఒక ఊరి పేరు కొట్టేశాడనుకుందాం, కింద రాసింది నల్ల సిరాతో. రంగులో తీసిన స్కాన్‌ని ఏ ఫొటో ఎడిటర్లోనైనా తెరిచి నీలం ఛానెల్ (బొమ్మలోని నీలం పాలు) ఒక్కటే చూస్తే నీలం గీత వెలిసిపోతుంది, నల్ల అక్షరాలు అలాగే నిలుస్తాయి. ఊదా రంగు గుండ్రటి ముద్ర రాత మీద పడితే నీలం, ఎరుపు ఛానెళ్లు రెండూ చూసి, ముద్ర ఎందులో ఎక్కువ వెలిస్తే అది వాడాలి. సిరా, గీత రెండూ నీలమే అయితే ఈ ఉపాయం పారదు. గ్రేస్కేల్‌లో తీస్తే మాత్రం ఈ దారి అసలే మూసుకుపోతుంది, మళ్లీ ఉత్తరం బయటికి తియ్యాల్సిందే.

ఎయిర్‌గ్రాఫ్, వీ-మెయిల్ వేరే లెక్క. ఇవి అసలు ఉత్తరాలు కావు. ఫారం మీద రాసిన దాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీదకి ఎక్కించి, ఫిల్ముని విమానంలో పంపి, అవతల ప్రింటు తీసి బట్వాడా చేసేవారు. బ్రిటన్ ఎయిర్‌గ్రాఫ్ 1941లో, అమెరికా వీ-మెయిల్ 1942 జూన్‌లో మొదలయ్యాయి. వీ-మెయిల్ ఫారం ఏడు అంగుళాలకి తొమ్మిది పైచిలుకు ఉంటే, చేతికందే ప్రింటు నాలుగుంపావుకి అయిదుంపావు. చేతిరాత అంత మేర కుదించుకుపోయి ఉంటుంది కనుక వీటికి 400 చాలదు, 800 డీపీఐ పెట్టాలి. పైగా ఇవి ఫొటో కాగితం మీద ప్రింట్లు, మడత పెట్టి దాయకూడదు.

కవర్లని వదలొద్దు, రెండు వైపులా తియ్యాలి. లోపలి ఉత్తరంలో వారం పేరు తప్ప తేదీ లేకపోవడం మామూలే, తపాలా ముద్రే తేదీ చెబుతుంది. విదేశాల్లో ఉన్న దళాల్లో సార్జెంట్ పైలట్ ఉత్తరాన్ని ఒక అధికారి చదివి కవరు మీద సంతకం పెట్టేవాడు. పైలట్‌కే అధికారి హోదా ఉంటే చాలాసార్లు తన ఉత్తరానికి తానే పూచీ పడి సంతకం చేసేవాడు. కవరు మూలనున్న సంతకం ఏ నెల నుంచి మారిందో చూస్తే అతనికి కమిషన్ ఎప్పుడొచ్చిందో అంచనా కట్టొచ్చు.

ఇక సెట్టింగులు. స్కానరు సాఫ్ట్‌వేర్ ఎప్సన్ స్కాన్ తెరవగానే ఫుల్ ఆటో, హోమ్, ఆఫీస్ మోడ్లని వదిలేసి ప్రొఫెషనల్ మోడ్‌లోకి వెళ్లాలి. ఆటో ఎక్స్‌పోజర్ రకంలో డాక్యుమెంట్ అని ఉంటే ఫొటో అని మార్చాలి. డాక్యుమెంట్ రకం కాంట్రాస్ట్ పెంచి కాగితాన్ని తెల్లగా చేస్తుంది, ఆ తెలుపులో పలచని పెన్సిల్ రాత కొట్టుకుపోతుంది. అంచులకి కృత్రిమంగా పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్ ముందే టిక్ పెట్టి ఉంటుంది, తీసెయ్యాలి. కలర్ రిస్టొరేషన్, బ్యాక్‌లైట్ కరెక్షన్, డస్ట్ రిమూవల్ అన్నీ ఆపాలి. ప్రివ్యూ థంబ్‌నెయిల్‌లో కాకుండా నార్మల్‌లో పెట్టాలి. థంబ్‌నెయిల్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ తానే అంచులు కత్తిరిస్తుంది, రంపపు అంచు, దాని పక్కన గోరంత సందులో పెన్సిల్‌తో రాసిన పేరు కూడా కత్తెర పాలవుతాయి. హిస్టోగ్రాంలో, అంటే బొమ్మలోని వెలుగునీడల్ని గుట్టలా చూపించే గ్రాఫులో, నలుపు, తెలుపు కొసల గుర్తులు ఆ గుట్టకి బయట ఉండాలి, లోపలికి జరిగితే నీడల్లోని వివరం శాశ్వతంగా పోతుంది.

డస్ట్ రిమూవల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాని నష్టం పైకి కనబడదు. ఎయిర్‌ఫీల్డ్‌లో తీసిన ఫొటోలో నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉంటారు, వెనక ఆకాశంలో దూరంగా ఒక విమానం. ప్రింటు మీద అది అర మిల్లీమీటరు నల్ల చుక్క. దుమ్ము కూడా అలాగే ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని ఆకాశంతో పూడ్చేస్తుంది. స్కాన్ శుభ్రంగా ఉంటుంది, విమానం ఉండదు. అసలు ఫొటోతో పోల్చి చూసుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. దుమ్ముని రబ్బరు బల్బు బ్లోయరుతో ఊది వదిలించుకోవాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

ఫొటోలకి ఎంత డీపీఐ అన్నదానికి ఊహ అక్కర్లేదు, లెక్క ఉంది. బ్రిటిష్ వైమానిక దళం విమానాల వెనక భాగం మీద సీరియల్ నంబరు సాధారణంగా ఎనిమిది అంగుళాల ఎత్తు అక్షరాలతో రాసేవారు. స్పిట్‌ఫైర్ పొడవు తొమ్మిది మీటర్ల చిల్లర. చిన్న ప్రింటులో ఆ విమానం రెండు సెంటీమీటర్లు ఆక్రమిస్తే సీరియల్ అక్షరం ఎత్తు 0.45 మిల్లీమీటర్లు. 300 డీపీఐ దగ్గర అది అయిదు పిక్సెళ్లు, ఏ అక్షరమో చెప్పలేం. 1200 దగ్గర ఇరవై ఒకటి, చదవొచ్చు. ఈ కాలపు చిన్న ఫొటోలు చాలావరకు నెగటివ్ సైజులోనే తీసిన కాంటాక్ట్ ప్రింట్లు, ఆ వివరం వాటిలో నిజంగానే ఉంటుంది. రెండుంపావుకి మూడుంపావు అంగుళాల ప్రింటు 1200 దగ్గర 30 ఎంబీకి కాస్త పైన అవుతుంది, అంతే. సీరియల్ దొరికితే బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరుసలో ఉన్న స్క్వాడ్రన్ కార్యకలాపాల రికార్డులతో సరిపోల్చొచ్చు. ఫారం 541 పుటల్లో ఏ రోజు ఏ విమానంలో ఎవరు ఎగిరారో ఉంటుంది. ఎక్కడ తీశారో ఎప్పుడు తీశారో తెలియని ఫొటోకి ఆ నెల దొరకడం ఈ అయిదు పిక్సెళ్లకీ ఇరవై ఒకటికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది.

ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాలి, ఖాళీగా కనబడినా సరే. కొడక్ వారి వెలాక్స్ కాగితం వెనక ఆ పేరు లేతగా వరసగా అచ్చై ఉంటుంది, ప్రింటు వేసిన దుకాణం ముద్ర ఉండొచ్చు, పెన్సిల్ రాత అరిగిపోయి గాడి మాత్రమే మిగిలి ఉండొచ్చు. ఆ గాడి స్కానరుకి అందకపోతే గదిలో లైట్లు ఆర్పి, టార్చి వెలుతురు పక్కనుంచి నేలబారుగా పడేలా పెట్టి ఫోన్‌తో తీస్తే తేలుతుంది.

స్టూడియో ఫొటో దగ్గర వీ600 కొంచెం తడబడుతుంది. గరుకు ఉపరితలం ఉన్న కాగితమైతే దీపం ఒకే దిక్కునుంచి పడటం వల్ల ముఖమంతా తెల్ల నలుసులు వస్తాయి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఫొటోని 180 డిగ్రీలు తిప్పి తీసి, రెండిటినీ ఒకదానిమీదొకటి పేర్చి సగటు తీస్తే నలుసులు చాలా తగ్గుతాయి. నీడల్లో, అంచుల్లో నీలి వెండి మెరుపు పట్టిన ప్రింటుని 90 డిగ్రీలు తిప్పి చూడాలి. అప్పటికీ మెరుపు వదలకపోతే స్కానరుతో కుస్తీ మానేసి, దీపాలకీ లెన్సుకీ పోలరైజర్లు పెట్టి కెమెరాతో తీయించడమే మంచిది. నున్నటి గ్లాసీ ప్రింట్లు గాజుకి అంటుకుని ఇంద్రధనుస్సు వలయాలు చూపిస్తాయి. పైనుంచి ఒత్తిడి తగ్గిస్తే అవి పోతాయి.

నెగటివ్‌లు ఉంటే వీ600 కొన్నందుకు అసలు ఫలితం అక్కడ దక్కుతుంది. మూతలోని మ్యాట్ తీస్తే లోపల వేరే దీపం ఉంటుంది, 35 మిల్లీమీటర్ల ఫిల్ముకి, 120 ఫిల్ముకి హోల్డర్లు కూడా వస్తాయి. ఆ రోజుల్లో జేబు కెమెరాలు ఎక్కువగా వాడిన 120, 620 ఫిల్ముల వెడల్పు ఒకటే కాబట్టి ఒకే హోల్డరు సరిపోతుంది. 16 బిట్ గ్రేస్కేల్, 2400 డీపీఐ. ఒక్కో ఫ్రేము 84 ఎంబీ దగ్గర ఉంటుంది. 6400 పెట్టినా లాభం లేదు. అది లోపలి సీసీడీ లెక్క, ఈ లెన్సు ఫిల్ము నుంచి నిజంగా రాబట్టేది దాంట్లో నాలుగో వంతు దగ్గరే ఆగిపోతుంది. మిగిలింది ఫైలు బరువు, మీ సమయం.

డిజిటల్ ఐస్ అనే గీతలు పోగొట్టే సదుపాయాన్ని ఈ నెగటివ్‌ల మీద వాడనే వాడకూడదు. అది పరారుణ కాంతితో గీతల్ని పసిగడుతుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో తయారై ఉంటుంది, వెండి ఆ కాంతిని అడ్డుకుంటుంది, దాంతో బొమ్మనే గీతలనుకుని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తుంది. ముఖాలు మైనం కరిగినట్టు వస్తాయి.

127 లాంటి ఫిల్ము సైజులకి హోల్డరు ఉండదు. వాటిని నేరుగా గాజు మీద పెట్టేటప్పుడు మెరవని వైపు, అంటే బొమ్మ ఉన్న ఎమల్షన్ పూత వైపు, కిందికి ఉంచితే వలయాలు తక్కువ. కానీ స్కానర్ తనని తాను సరిచూసుకునే ఒక పట్టీ గాజు పైభాగాన ఉంది, హోల్డరులో ఖాళీగా వదిలిన కిటికీ దాని కోసమే. అక్కడ ఫిల్ము గానీ కాగితం గానీ అడ్డొస్తే బొమ్మ తేడాగా వస్తుంది, ఒక్క దుమ్ము కణం ఉన్నా బొమ్మ పొడవునా గీత పడుతుంది. ఎమల్షన్ కిందికి పెట్టినప్పుడు బొమ్మ తిరగబడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో తిప్పాలి. సరిగ్గా తిప్పారో లేదో తెలియడానికి విమానం మీది అక్షరాలు లేకపోతే అతని రెక్కల బ్యాడ్జి చూడండి. బ్రిటిష్ పైలట్ యూనిఫాంలో అది ఎడమ జేబు పైన ఉంటుంది.

ఫిల్ము అంచున సేఫ్టీ అన్న మాట ఉందేమో ముందు చూడాలి, ఉంటే అది నైట్రేట్ ఫిల్ము కాదని గుర్తు. కొడక్ రోల్ ఫిల్ముల్లో కొన్ని సైజులు 1950 దాకా నైట్రేట్ మీదే తయారయ్యాయి. అది తేలిగ్గా అంటుకునే పదార్థం. పసుపుబారి, జిగటగా మారి, ఘాటు వాసన వేస్తున్న నెగటివ్‌ని ఈ స్కానర్లో పెట్టకండి, విప్పే ప్రయత్నం కూడా చెయ్యకండి. అది నిపుణులైన కన్జర్వేటర్ల పని.

ఈ స్కానరుకి చేతకానివి కొన్ని ఉన్నాయి. దీని గాజు ఎనిమిదిన్నరకి పదకొండుముప్పావు అంగుళాలు. అట్టకి అంటించిన స్క్వాడ్రన్ గ్రూప్ ఫొటో దానికన్నా పెద్దది, అట్ట అంచు స్కానర్ చట్రం మీద ఆగిపోయి ఫొటో గాజుకి దూరంగా నిలుస్తుంది. అట్ట లేని ఫొటోనైతే ముక్కలుగా తీసి కలపొచ్చు. ఒక్కో ముక్క పక్కదానితో పావు వంతు కలవాలి, ఆటో ఎక్స్‌పోజర్ ఆపి అన్నిటికీ ఒకే విలువలు పెట్టాలి, ఫొటోని తిప్పకుండా జరుపుతూ వెళ్లాలి. నాలుగుకి అయిదు అంగుళాల షీట్ నెగటివ్‌లకి ఈ యంత్రం చాలదు, ఎక్కువ ఉంటే వీ850 చూడాలి. దానిలో ఫిల్ము దీపం ఎనిమిదికి పది అంగుళాల మేర వెలుగుతుంది, హోల్డర్ల ఎత్తు కూడా మార్చుకోవచ్చు. పైలట్ తాను ఎగిరిన వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌ని మాత్రం ఏ ఫ్లాట్‌బెడ్ మీదా బోర్లించి అదమకండి. కుట్టు తెగితే మొదట ఊడేది చివరి ఎంట్రీలున్న పుటే. లాగ్‌బుక్‌కి కెమెరా, స్టాండు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు గాజు లోపలివైపు చూడాలి. పాతబడ్డ ఫ్లాట్‌బెడ్లలో గాజు కింద పొగలా పొర కడుతుంది, టార్చి ఏటవాలుగా వేస్తే కనబడుతుంది. దానివల్ల నలుపులు బూడిదలా వస్తాయి, పైనుంచి ఎంత తుడిచినా పోదు.

ఫైలు పేర్లలో కవరు సంఖ్య, పుట సంఖ్య, ముందా వెనకా అన్న మూడే ఉంచితే చాలు. తేదీలు, ఊహలు పేర్లలో పెట్టొద్దు, అవి మారుతుంటాయి. స్కాన్ అయిన ఉత్తరాన్ని తిరిగి మడిచి కవరులో దూర్చకండి. విప్పి చదునుగా ఉంచి, దాని కవరుని పక్కనే జతగా పెట్టాలి. సిరా ఉత్తరాలకీ ఫొటోలకీ పాలియెస్టర్ తొడుగులు మంచివి, పీవీసీ వద్దు. మెత్తటి పెన్సిల్ రాత ఉన్నవాటిని మాత్రం ఆమ్లరహిత కాగితపు మడతలో పెట్టాలి. పాలియెస్టర్‌లో పుట్టే స్థిర విద్యుత్తు ఆ పెన్సిల్ పొడిని కాగితం మీంచి లాగేస్తుంది.